రోటర్‌డ్యామ్ నుంచి మిలాన్‌కి లోడు: ఎక్కడ ఎన్ని టన్నులు, ఎంత ఎత్తు?

కొత్తగా చదివేవాళ్ల కోసం ప్రశ్న ముందు చెప్పేస్తాను. ఈ తమ్ముడు సౌదీలో కొన్నేళ్లు ట్రైలర్ తోలి, ఇప్పుడు లిథువేనియా కంపెనీలో చేరాడు. రోటర్‌డ్యామ్‌లో లోడు ఎత్తి, జర్మనీ, స్విట్జర్లాండ్ మీదుగా మిలాన్ దగ్గర దించే లైను ఇచ్చారు. నెదర్లాండ్స్‌లో 50 టన్నులు, జర్మనీలో 40, ఇటలీలో 44 అని తలా ఒక మాట చెబుతున్నారట. వీటిలో ఏది నిజం, బోర్డర్‌లో కాటా వేస్తారా, ఎత్తు 4 మీటర్లంటే ఎలా కొలుస్తారు, కేసు రాస్తే డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది అని అడిగాడు.

నేను మొదట బండి తోలాను. తర్వాత చాలా ఏళ్లుగా నెదర్లాండ్స్‌లో ప్లానింగ్ డెస్క్ మీద ఉన్నాను, అంటే డ్రైవర్లకు లోడ్లు, రూట్లు ఇచ్చే పని. ఈ ప్రశ్న నాకు ఫోన్‌లో రోజూ వచ్చేదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీకు చెప్పినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు తమ్ముడూ. నెదర్లాండ్స్‌లో తగినన్ని యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు) ఉంటే 50 టన్నుల దాకా నడుస్తుంది. బెల్జియం, ఫ్రాన్స్, ఇటలీల్లో 44. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో 40. స్వీడన్‌లో కొన్ని రోడ్ల మీద 74, ఫిన్లాండ్‌లో 76 టన్నుల బళ్లు కూడా తిరుగుతాయి. కాకపోతే ఈ పెద్ద అంకెలన్నీ ఆయా దేశాలు తమ గడప లోపల తిరిగే బళ్లకు ఇచ్చుకున్నవి. దేశం దాటే బండికి యూరోపియన్ యూనియన్ అంతటికీ కలిపి ఒక చట్టం ఉంది. 1996లో వచ్చిన 96/53 నంబరు డైరెక్టివ్ అది. మీలాంటి అయిదు యాక్సిళ్ల బండికి, అంటే రెండు యాక్సిళ్ల ట్రాక్టరు (ఇంజిన్, క్యాబిన్ ఉండే ముందు బండి), వెనక మూడు యాక్సిళ్ల ట్రైలరు ఉన్నదానికి, అందులో ఇచ్చిన మొత్తం బరువు 40 టన్నులు. ఎత్తు 4 మీటర్లు, వెడల్పు 2.55 మీటర్లు (ఫ్రీజర్ బాడీకి 2.60), పొడవు 16.50 మీటర్లు. ఈ కొలతల్లో ఉన్న బండిని ఏ సభ్య దేశమూ నీ బరువు ఎక్కువ, నీ ఎత్తు ఎక్కువ అని ఆపడానికి లేదు. దాటితే మాత్రం ఎక్కడికక్కడ ఆ దేశం ఇష్టం.

అందుకని నేను నా డ్రైవర్లకు ఒక్కటే చెబుతాను. దారిలో అన్నిటికన్నా తక్కువ ఒప్పుకునే దేశం ఏదో చూడండి, మీ లోడు అంతే. రోటర్‌డ్యామ్ గేటు దాటేటప్పుడు 43 టన్నులున్నా నెదర్లాండ్స్‌లో బహుశా ఎవరూ అడగరు. జర్మనీలో అడుగు పెట్టిన నిమిషం నుంచి అది 3 టన్నుల ఓవర్‌లోడు. మిలాన్‌లో 44 ఒప్పుకుంటారు కదా అంటే, మిలాన్ దాకా చేరాలి కదా!

మీరు సౌదీ నుంచి వచ్చారు, అంతకుముందు మన దగ్గర కూడా తోలి ఉంటారు. ఇండియాలో 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచాక గరిష్ఠ పరిమితి 49 టన్నుల నుంచి 55 టన్నులకు పోయింది. అది అలవాటైనవాళ్లకు 40 అనగానే ఇంత తక్కువా అనిపిస్తుంది. పైగా మన హైవే మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కనబడితే మాట్లాడుకోవచ్చనే ధైర్యం ఒకటి ఉంటుంది. ఆ ధైర్యాన్ని దయచేసి విమానం ఎక్కకముందే వదిలేసి రండి. ఇక్కడ పోలీసు చేతిలో నోటు పెట్టబోతే ఓవర్‌లోడు కేసు పక్కకు పోయి, దానికన్నా పెద్ద కేసు అవుతుంది.

స్విట్జర్లాండ్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది యూనియన్‌లో లేదు. వాళ్లు చాలాకాలం 28 టన్నులు దాటిన బండిని లోపలికే రానివ్వలేదు. యూనియన్‌తో ఒప్పందం కుదిరాక 2001లో 34కి, 2005లో 40కి పెంచారు. దానికి బదులు బండి మీద కిలోమీటరుకింత అని భారీ పన్ను వేశారు. ఆ పన్ను లెక్క మీ పేపర్లలో రాసిన గరిష్ఠ బరువు మీద వేస్తారు, ఆ రోజు మోసిన బరువు మీద కాదు. ఖాళీగా వెళ్లినా అంతే కట్టాలి. రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు లారీలు కదలకూడదు, ఆదివారం అసలే కుదరదు. సరిహద్దు ఊరు బాసెల్ చేరే టైము చూసుకోకపోతే రాత్రంతా అక్కడే.

ఇక 44 టన్నుల గొడవలో ఒక మెలిక ఉంది, తెలుసుకుంటే మంచిది. ఓడ నుంచి గానీ రైలు నుంచి గానీ దిగిన కంటైనర్‌ను మోసే బండికి డైరెక్టివ్ కొంత సడలింపు ఇచ్చింది. మూడు యాక్సిళ్ల ట్రాక్టరు అయితే 44 టన్నులు, మీలాంటి రెండు యాక్సిళ్ల ట్రాక్టరు వెనక మూడు యాక్సిళ్ల ట్రైలరు అయితే 42. అయితే అది రేవు నుంచో రైలు టెర్మినల్ నుంచో చేసే చివరి ముక్క ప్రయాణానికే. ఓడ నుంచి దిగినదానికి రోడ్డు దూరం మామూలుగా 150 కిలోమీటర్లు మించకూడదు. రోటర్‌డ్యామ్‌లో కంటైనర్ దింపి మిలాన్ దాకా రోడ్డు మీదే లాక్కెళుతూ ఇది ఇంటర్‌మోడల్ (ఓడ, రైలు, రోడ్డు కలిపి చేసే రవాణా) అంటే నవ్వుతారు. సడలింపు వాడేటప్పుడు రైలు బుకింగో ఓడ కాగితమో చేతిలో ఉండాలి. అది లేకపోతే 40 లెక్కే.

ఇది చెప్పడానికి కారణం ఉంది. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ లాంటి సరుకు ఇరవై అడుగుల డబ్బాలో వస్తుంది. డబ్బా చిన్నది కదా అని కొత్తవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. లోపల 26, 27 టన్నుల రాయి ఉంటుంది. డబ్బా బరువు రెండు టన్నుల పైన, ఛాసిస్ (డబ్బా కూర్చునే ట్రైలర్ చట్రం) నాలుగున్నర, ట్రాక్టరు ఏడున్నర వేసుకోండి, 40 దాటేస్తుంది. నలభై అడుగుల డబ్బా నిండా పత్తి దుప్పట్లు ఉంటే టెన్షన్ ఉండదు, ఈ చిన్న డబ్బాతోనే వస్తుంది. 2016 జులై నుంచి ఓడ ఎక్కే ప్రతి కంటైనర్‌కూ తూకం వేసిన బరువు ప్రకటించాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. రేవులో ఆ అంకె అడిగి తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొత్తం 40 లోపే ఉందని ధీమాగా బయల్దేరి, కాటా దగ్గర దొరికిపోయిన బళ్లు నా డెస్క్ మీద నుంచి చాలానే పోయాయి. కారణం యాక్సిల్ బరువు. ఇంజిన్ శక్తి అందే డ్రైవ్ యాక్సిల్ మీద 11.5 టన్నులకు మించకూడదు. ట్రైలర్ కింద మూడు యాక్సిళ్ల గుంపు మీద, వాటి మధ్య దూరం 1.3 మీటర్లు దాటితే 24 టన్నులు, అంతకన్నా దగ్గరగా ఉంటే 21. ఇంకోటి, దేశం దాటే బండిలో మొత్తం బరువులో కనీసం నాలుగో వంతు డ్రైవ్ యాక్సిల్ మీద ఉండాలి. మంచులో, ఎత్తు రోడ్లలో చక్రం జారకుండా ఉండటానికి ఆ నిబంధన.

ఒక లెక్క చేసి చూపిస్తాను, కాగితం మీద మీరూ వేసి చూడండి. ట్రాక్టరు 7.5 టన్నులు, కర్టెన్ ట్రైలర్ (పక్కలకు తెరలుండే ట్రైలర్) 6.5, సరుకు 24. మొత్తం 38. సరుకు 13.6 మీటర్ల ఫ్లోర్ మీద సమంగా పరిచారు. కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ట్రాక్టరుకు తగిలించే కింది మేకు) ట్రైలర్ ముందు గోడ నుంచి 1.6 మీటర్ల దూరంలో, మూడు యాక్సిళ్ల నడిమి భాగం 9.3 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మామూలు ట్రైలర్లలో దాదాపు ఇంతే ఉంటుంది. సరుకు బరువులో 7.8 టన్నులు కింగ్‌పిన్ మీద పడతాయి. ట్రైలర్ సొంత బరువులో ఇంకో 1.9 అక్కడికే వస్తుంది. అందులో కొంచెం ముందు చక్రాలకు పోగా, ట్రాక్టరు సొంత బరువుతో కలిపి డ్రైవ్ యాక్సిల్ మీద 10.4 టన్నులు ఉంటుంది. నిక్షేపంగా ఉంది, ఎక్కడ కాటా వేసినా ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు దారిలో కార్ల్స్‌రూహె దగ్గర మొదటి డెలివరీ ఉంది. వెనక తలుపు వైపున్న 8 టన్నులు దించేశారు. బండి మొత్తం 30 టన్నులకు తగ్గింది. డ్రైవర్ హాయిగా బయల్దేరతాడు. కానీ డ్రైవ్ యాక్సిల్ మీద ఇప్పుడు 12.2 టన్నులు ఉన్నాయి!

ఎలాగంటే, దించిన ఆ 8 టన్నులు ట్రైలర్ చక్రాలకు వెనకవైపు కూర్చున్నాయి. పార్కులో పిల్లలు ఎక్కే తూగుడు బల్ల గుర్తు తెచ్చుకోండి, ఒక కొసన కూర్చున్నవాడు దిగిపోతే రెండో కొస దిగబడుతుంది. వెనక బరువు ఉన్నంతసేపు అది ముందు భాగాన్ని పైకి లేపుతూ ఉంది. అది పోగానే 2 టన్నులకు పైగా ముందుకు వాలింది. 40 టన్నుల పరిమితి ఉన్న చోట 30 టన్నుల బండి ఓవర్‌లోడు కేసు రాయించుకుంటుంది. డ్రైవర్ ఫోన్ చేసి అన్నా, సగం ఖాళీ బండికి ఓవర్‌లోడు అంటున్నాడు, వీడికి పిచ్చా అని అరుస్తాడు. వాడికి పిచ్చి కాదు, లెక్క అది.

0.7 టన్ను ఎక్కువైతే ఏం పోయింది అనుకోవద్దు. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయిలో రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి చేసిన పరీక్షల్లో, రోడ్డు పాడయ్యేది యాక్సిల్ బరువుకు సుమారు నాలుగో ఘాతంలో అని తేలింది. ఆ లెక్కన 11.5 బదులు 12.2 అయితే రోడ్డుకు దెబ్బ పావు వంతుకు పైగా పెరుగుతుంది. మొత్తం బరువు సంగతి అడిగేది ఎక్కువగా వంతెన, యాక్సిల్ బరువు సంగతి అడిగేది తారు.

మరేం చేయాలంటే, ఒకటి కంటే ఎక్కువ చోట్ల దించేది ఉంటే ఎక్కించేటప్పుడే ఆలోచించాలి. మొదటి డెలివరీ అయ్యాక, మిగిలిన పేలెట్లను (సరుకు పేర్చే చెక్క బల్లలను) జాకీతోనో ఫోర్క్‌లిఫ్ట్‌తోనో వెనక్కి జరిపించండి. అక్కడివాడు విసుక్కుంటాడు, పర్లేదు. ఇంకో రెండు అడుగులు వెనక్కి జరిపినా డ్రైవ్ యాక్సిల్ మీద చాలా తేడా వస్తుంది. జరిపాక మళ్ళీ బెల్టులు బిగించడం మర్చిపోకండి. ఇక్కడి ప్రమాణం ప్రకారం లోడును ముందుకు దాని బరువులో 80 శాతం, పక్కలకు, వెనక్కి 50 శాతం తోపుడు వచ్చినా కదలకుండా పట్టి ఉంచాలి. కొత్త ట్రాక్టర్లలో డ్యాష్‌బోర్డు మీదే యాక్సిల్ బరువు కనబడుతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఒత్తిడిని బట్టి చూపిస్తుంది, సమతలం మీద బ్రేక్ వదిలి చూస్తే దాదాపు సరిగ్గానే ఉంటుంది. ట్రైలర్‌కు లిఫ్ట్ యాక్సిల్ ఉంటే ఇంకో సంగతి. లోడు తగ్గగానే మొదటి యాక్సిల్ దానంతట అదే పైకి లేస్తుంది, దానివల్ల ఆసరా వెనక్కి జరిగి డ్రైవ్ యాక్సిల్ మీద బరువు ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు స్విచ్ నొక్కి కిందకి దింపి ఉంచండి.

బరువు లెక్కలో మనవాళ్లు మర్చిపోయేవి రెండున్నాయి. ఒకటి పేలెట్లు. కాగితంలో 24,000 కిలోలు అని రాసి ఉంటుంది, అది సరుకు ఒక్కదానిదే. ఒక యూరో పేలెట్ ఎండగా ఉన్నప్పుడే 25 కిలోలు, 33 పేలెట్లంటే 825 కిలోలు. వానలో తడిసినవైతే ఇంకా ఎక్కువ. రెండోది డీజిల్. రెండు ట్యాంకులూ నింపితే బండిని బట్టి 1,200 లీటర్ల దాకా పడుతుంది, అది ఒక టన్ను. లక్సెంబర్గ్‌లో డీజిల్ చవక అని అందరూ అక్కడ గొంతు దాకా నింపుతారు. 39.6 మీద ఉన్న బండికి ఆ చవక డీజిలే కొంప ముంచుతుంది.

వంతెనల మాట వచ్చింది కాబట్టి జర్మనీ సంగతి చెప్పాలి. 1960లు, 70లలో కట్టిన వంతెనలు అక్కడ చాలా అలిసిపోయాయి. కొలోన్ పక్కన లెవర్‌కూజెన్‌లో రైన్ నది మీద ఏ1 హైవే వంతెన ఉంది. 2014లో దాని మీదకు 3.5 టన్నులు దాటిన బళ్లు రాకూడదన్నారు. బోర్డులు పెట్టినా లారీలు ఆగలేదు. చివరికి 2016లో హైవే మధ్యలో సిగ్నల్, బూమ్ బారియర్ పెట్టేశారు. లారీ వస్తే ఎర్ర లైటు, బారియర్ కిందకి, వెనక కార్లన్నీ బారులు. కొత్త వంతెన 2024లో తెరిచాక ఆ అవస్థ తీరింది. ఏ45 మీద ల్యూడెన్‌షైడ్ దగ్గర వయాడక్ట్‌ను (లోయ మీది వంతెనను) 2021 డిసెంబరులో మూసేసి, 2023లో పేల్చేశారు. స్విట్జర్లాండ్ బదులు ఆస్ట్రియా మీదుగా పంపితే, ఇటలీకి పోయే బ్రెన్నర్ కనుమ దారిలో లూగ్ వంతెన 2025 జనవరి నుంచి చాలా రోజులు ఒక్కో వైపు ఒక్క లేనే. రెండు లేన్లు తెరిచిన రోజుల్లో కూడా లారీలు అంచున కాకుండా లోపలి లేన్‌లోనే పోవాలి. 40 టన్నులు చట్టబద్ధమే కావచ్చు, మీ దారిలోని ఒక్కో వంతెనకు సొంత పరిమితి ఉండొచ్చు. కార్లకు వాడే మ్యాప్ నమ్ముకుని పోవద్దు, లారీ నావిగేషన్‌లో బండి బరువు, ఎత్తు, పొడవు ఎక్కించుకుని వాడండి.

ఎత్తు విషయం. 4 మీటర్లంటే నేల నుంచి బండి మీద ఉన్న అత్యంత ఎత్తైన చోటు వరకు, లోడుతో సహా, నడిచే స్థితిలో. టార్పాలిన్ గాలికి ఉబ్బినా, పైన మంచు గడ్డ కట్టినా అది కూడా లెక్కే. అంతా బాగున్నట్టే ఉండి ఎక్కడ తప్పుతుందో చూడండి. హై క్యూబ్ అనే ఎత్తు రకం కంటైనర్ ఎత్తు 2.896 మీటర్లు. ఛాసిస్ మీద అది కూర్చునే చోటు నేల నుంచి 1.10 మీటర్లు ఉంటే మొత్తం 3.996. అంటే మిగిలింది నాలుగు మిల్లీమీటర్లు! ట్రాక్టరు ఫిఫ్త్ వీల్ (కింగ్‌పిన్ కూర్చునే పళ్లెం) మామూలు కన్నా అయిదు సెంటీమీటర్లు ఎత్తుగా ఉందంటే ట్రైలర్ ముక్కు పైకి లేస్తుంది, డబ్బా ముందు అంచు 4 దాటుతుంది. డిపోలో కొత్త ట్రాక్టరు మార్చినప్పుడు ఈ తేడా వస్తుంటుంది. లోపల 3 మీటర్ల ఎత్తు ఉండే మెగా ట్రైలర్ల కథా ఇంతే. వాటికి చిన్న టైర్లు, కిందకు ఉండే ఫిఫ్త్ వీల్ ఉన్న ట్రాక్టరే తగిలించాలి. మామూలు ట్రాక్టరు తగిలిస్తే చూడ్డానికి తేడా తెలియదు, టేపు పెడితేనే తెలుస్తుంది.

మా డ్రైవర్ ఒకతన్ని ఆస్ట్రియాలో ఆపి కొలిస్తే 4 మీటర్ల మీద ఏడు సెంటీమీటర్లు తేలింది. ట్రైలర్ ఏమీ మారలేదు, లోడు మారలేదు. లోడింగ్ డాక్ దగ్గర ర్యాంపుకు సరిపోయేలా ఎయిర్ సస్పెన్షన్ పైకి లేపి, మీట మళ్ళీ డ్రైవింగ్ స్థితికి తిప్పకుండా వచ్చేశాడు. అక్కడే మీట తిప్పితే బండి బుస్సుమని కిందకు దిగింది, మళ్ళీ కొలిస్తే సరిపోయింది. అయినా చీటీ చీటీయే, రోడ్డు మీద నడిచి వచ్చిన ఎత్తుకు రాశారు. కర్టెన్ ట్రైలర్లలో లోడు ఎక్కించడానికి రూఫ్ పైకి లేపే ఏర్పాటు ఉంటుంది, దాన్ని దించడం మర్చిపోవడమూ మామూలే. డాక్ నుంచి కదిలి ఓ పది మీటర్లు పోయాక ఆగి, దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూస్తే ఈ రెండూ కనబడతాయి.

మిలాన్ లైనుకు అవసరం లేకపోయినా ముందుముందు పనికొస్తుందని చెబుతున్నాను. బ్రిటన్‌లో ఎత్తుకు చట్టపరమైన పరిమితి లేదు. అక్కడ 4.9 మీటర్ల డబుల్ డెక్ ట్రైలర్లు మామూలే, అవి ఇటు రాలేవు. బదులుగా 3 మీటర్లు దాటిన బండి క్యాబిన్‌లో ఎత్తు రాసిన నోటీసు కనబడేలా ఉండాలి. వంతెన బోర్డుల మీద అడుగులు, అంగుళాలు ఉంటాయి. మీ 4 మీటర్లు అంటే 13 అడుగుల ఒకటిన్నర అంగుళం, ఒక స్టిక్కర్ మీద రాసి అద్దం దగ్గర అంటించుకోండి. ఐర్లాండ్‌లో 4.65 మీటర్లు, ఫిన్లాండ్‌లో 4.40. స్వీడన్, నార్వేల్లో సాధారణ పరిమితే లేదు, స్వీడన్‌లో 4.5 మీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న చోట బోర్డు ఉంటుంది.

బోర్డర్‌లో కాటా వేస్తారా అన్నారు. నెదర్లాండ్స్, జర్మనీ మధ్య మీరు బోర్డర్ దాటారని నీలం బోర్డు చూసి తెలుసుకోవాల్సిందే. తూకం రోడ్డులోనే ఉంటుంది. డచ్ హైవేల్లో తారు కింద సెన్సర్లు ఉన్నాయి, బండి నడుస్తుండగానే యాక్సిల్ బరువులు అంచనా వేసి, అనుమానం ఉన్నవాటిని ముందున్న తనిఖీ బృందానికి చెబుతాయి. హంగేరీలో రోడ్డు కాటా నెట్‌వర్క్ చాలా గట్టిది, అటు పోయే లైను వస్తే గుర్తుంచుకోండి. 2015లో డైరెక్టివ్ సవరించినప్పుడు, ఓవర్‌లోడు బళ్లను ఇలా గుర్తించే ఏర్పాట్లు 2021 మే నాటికి అన్ని సభ్య దేశాలూ చేయాలని పెట్టారు. స్విట్జర్లాండ్‌లో మాత్రం బోర్డర్ నిజంగా బోర్డరే, కస్టమ్స్ ఉంటుంది. ఆ తర్వాత గోట్‌హార్డ్ టన్నెల్‌కు ముందు ఎర్స్ట్‌ఫెల్డ్‌లో భారీ వాహనాల తనిఖీ కేంద్రం ఉంది. బరువు, కొలతలు, బ్రేకులు, లోడు కట్టిన తీరు అన్నీ చూస్తారు. ఇంజిన్, చక్రాల దగ్గర వేడి ఎక్కువుంటే పసిగట్టే పరికరం కూడా ఉంది. 2001 అక్టోబరులో ఆ టన్నెల్‌లో రెండు లారీలు గుద్దుకుని మంటలు లేచి 11 మంది చనిపోయారు. అప్పటి నుంచి లారీలను ఒక్కొక్కటిగా, దూరం పెట్టి వదులుతారు. క్యూ ఉంటే విసుక్కోకండి.

చివరి ప్రశ్న, డబ్బు. విదేశీ నంబరు బండి అయితే జర్మనీలో గానీ స్విట్జర్లాండ్‌లో గానీ అక్కడికక్కడే జరిమానా కట్టాలి, లేదా డిపాజిట్ పెట్టాలి. లేకపోతే బండి కదలదు. జరిమానాతో అయిపోతే సంతోషించాలి. ఎక్కువైన బరువును ఇంకో బండి తెప్పించి దించాకే కదలనిస్తారు. ఆ బండి ఖర్చు, ఫోర్క్‌లిఫ్ట్ ఖర్చు, ఆలస్యానికి కస్టమర్ కోత, అన్నీ కలిసి తడిసి మోపెడవుతుంది. ఎవరు కట్టాలన్నది మీ ఒప్పందాన్ని బట్టి, ఆ దేశ చట్టాన్ని బట్టి ఉంటుంది. డ్రైవర్ పేరు మీద వేరే, కంపెనీ పేరు మీద వేరే రాసే దేశాలున్నాయి. అందుకే చేరేటప్పుడే ఓవర్‌లోడు జరిమానా ఎవరిదో లిఖితపూర్వకంగా అడగండి. నోటి మాట మీద ఉన్న కంపెనీలు జీతంలోంచి కోసేసి చేతులు దులుపుకోవడం చూశాను.

మీ చేతిలో ఉన్న ఆయుధం సీఎమ్ఆర్ కాగితం. మన బిల్టీ లాంటిదే, 1956 జెనీవా ఒప్పందం ప్రకారం నడిచేది. అందులో సరుకు స్థూల బరువు రాయాల్సింది పంపేవాడు. తప్పు రాస్తే దానివల్ల రవాణాదారుకు వచ్చిన ఖర్చులకు ఆ ఒప్పందం ఏడో అధికరణ ప్రకారం అతనే బాధ్యుడు. జర్మనీ నుంచి జర్మనీకే మోసే లోడు అయితే అక్కడి వాణిజ్య చట్టం 412వ సెక్షన్ ప్రకారం సరుకు భద్రంగా ఎక్కించి కట్టే పని పంపేవాడిది, బండి రోడ్డు మీద నడవడానికి తగినట్టు ఉండేలా చూసే పని రవాణాదారుది. యాక్సిల్ బరువు ఆ రెండో దాంట్లోకి వస్తుంది, అంటే మన నెత్తినే. అయినా లోడింగ్ చోట కాటా లేకపోతే, సంతకం పెట్టే ముందు రిమార్కుల గడిలో బరువు సరిచూడలేదని రాయండి. స్టోర్‌లో మనిషి మొహం మాడ్చుకుంటాడు, రాయండి. అనుమానంగా ఉంటే దగ్గర్లో ఉన్న పబ్లిక్ కాటా మీదకు ఎక్కించి చీటీ తీసుకోండి, ఆ కొద్ది యూరోలకు మీ ప్లానర్ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మెసేజ్‌లో అడిగి, అతని జవాబు ఫోన్‌లో దాచుకోండి. నేను కూడా ప్లానర్నే, అయినా ఇదే చెబుతాను.

విండ్‌మిల్ రెక్కల్లాంటి విడదీయడానికి వీల్లేని సరుకుకు దేశదేశానికీ వేరే పర్మిట్ తీసుకునే పద్ధతి ఉంది. అది మీ లైను కాదు కాబట్టి దాంట్లోకి పోవడం లేదు. పేలెట్ల సరుకుకు అలాంటి పర్మిట్ ఇవ్వరు, ఎవరైనా ఇప్పిస్తానంటే నమ్మకండి.

మీ ట్రైలర్ పక్కన ఉండే ప్లేటు ఫోటో, ట్రాక్టరు ఫిఫ్త్ వీల్ ఎత్తు, మామూలుగా ఎన్ని చోట్ల దించుతారో ఇక్కడ పెట్టండి. పైన వేసిన లెక్క మీ బండి కొలతలతో వేసి, మొదటి డెలివరీ అయ్యాక పేలెట్లు ఎంత వెనక్కి జరపాలో చెబుతాను.